జంషెడ్‌పూర్‌కి టిక్కెట్టు దొరకదు

జంషెడ్‌పూర్ అనే పేరుతో రైల్వేస్టేషన్ లేదు. నాన్నకో అమ్మకో వచ్చిన బదిలీ ఆర్డరులో జంషెడ్‌పూర్ అని ఉంటుంది. రైలు టిక్కెట్టు మీద మాత్రం టాటానగర్ అని ఉంటుంది. కొత్తగా వచ్చేవాళ్లు ఇవి రెండూ వేర్వేరు ఊళ్లేమో అనుకుంటారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు మన చుట్టాలకు ఈ గొడవే లేదు. "వాళ్లు టాటాలో ఉంటున్నారు" అనేస్తారు, అంతే. రైల్వేవాళ్లదీ అదే దారి. ఈ స్టేషనుకు వాళ్లు పెట్టుకున్న కోడు నాలుగే అక్షరాలు: టి, ఏ, టి, ఏ. వెళ్లేవాళ్లకు చెయ్యి ఊపి చెప్పే మాట కూడా టాటాయే కదా! మూడు నాలుగేళ్లకోసారి సామాను సర్దుకునే మనలాంటివాళ్లకు ఇంతకన్నా తగిన స్టేషన్ ఇంకోటి ఉండదు.

ఇంతకీ ఒక ఊరికి రెండు పేర్లు ఎలా వచ్చాయి?

నిజానికి మొదట ఈ రెండు పేర్లూ లేవు. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసేచోటికి దగ్గరలో సాక్చీ అనే పల్లె ఉండేది. దానికి కొంత దూరంలో బెంగాల్ నాగపూర్ రైల్వే లైను మీద కాళీమాటీ అనే చిన్న స్టేషన్ ఉండేది. కాళీమాటీ అంటే నల్లమట్టి. ఇనుము కరిగించే కార్ఖానాకు నాలుగు కావాలి: ఖనిజం, బొగ్గు, నీళ్లు, రైలు. ఖనిజం దక్షిణాన మయూర్‌భంజ్ కొండల్లో ఉంది, బొగ్గు ఉత్తరాన ఝరియాలో ఉంది, నీళ్లకు రెండు నదులున్నాయి, సరుకు తెచ్చి దించడానికి కాళీమాటీ స్టేషనుంది. అందుకే 1907లో మొదలైన టాటా ఉక్కు కంపెనీ ఇక్కడికి వచ్చింది. 1912 ఫిబ్రవరిలో మొదటి ఉక్కు దిమ్మ తయారైంది. దీన్నంతా కలగన్న జంషెడ్‌జీ టాటా మాత్రం 1904లోనే జర్మనీలో కన్నుమూశారు. తన పేరు పెట్టుకున్న ఊరిని ఆయన చూడనేలేదు.

తర్వాత మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. మెసొపొటేమియాలో, పాలస్తీనాలో, ఈజిప్టులో, తూర్పు ఆఫ్రికాలో బ్రిటిష్ సైన్యం వేసిన రైలు మార్గాలకు ఇక్కడి పట్టాలు వెళ్లాయి. యుద్ధం ముగిశాక 1919 జనవరి 2న వైస్రాయ్ లార్డ్ చెమ్స్‌ఫర్డ్ ఇక్కడికి వచ్చి, సాక్చీ ఇకమీదట జంషెడ్‌పూర్ అని ప్రకటించాడు. కాళీమాటీ స్టేషన్ టాటానగర్ అయింది. మన పద్ధతిలో చెప్పాలంటే, ఊరికి ఆయన పేరు, స్టేషనుకు ఆయన ఇంటిపేరు పెట్టారన్నమాట.

పాత పేర్లు ఏమయ్యాయి? సాక్చీ ఇప్పుడు ఒక బజారు. పండక్కి బట్టలు కొనడానికి వెళ్తాం. కాళీమాటీ ఇప్పుడు ఒక రోడ్డు. ఆ రోడ్డు మీద స్కూలు బస్సులో రోజూ వెళ్తూ కూడా చాలామందికి అది ఒకప్పుడు స్టేషన్ పేరని తెలియదు. కంపెనీ రాకముందు ఈ సింగ్‌భూమ్ నేల మీద సంతాల్, హో, భూమిజ్ ప్రజలు ఉన్నారు. పొలాలు, చెరువులు, పల్లెలు అన్నిటికీ వాళ్ల నోట పేర్లున్నాయి. ఊరు పుట్టిన సంవత్సరం అడిగితే మనం 1907 అనో 1919 అనో రాసి మార్కులు తెచ్చుకుంటాం. నాకైతే ఆ జవాబు సగమే అనిపిస్తుంది.

పేరు మార్చినంత మాత్రాన పాత పేరు వెంటనే పోదు. విశాఖపట్నం స్టేషన్ పేరు 1987 దాకా వాల్తేరు. అదీ ఇదే బెంగాల్ నాగపూర్ రైల్వే చేరిన స్టేషనే. మీ తాతయ్యను అడిగి చూడండి, ఇప్పటికీ వాల్తేరులో దిగాననే చెప్పవచ్చు.

జంషెడ్‌పూర్‌లో ఇలాంటి పేర్లు వీధివీధికీ దొరుకుతాయి. తమాషా ఏమిటంటే, ఇక్కడ పేటలకు దేవుళ్ల పేర్లు, నాయకుల పేర్ల కన్నా కంపెనీల పేర్లు బాగా అతుక్కున్నాయి. అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ టెల్కో. టాటా ఇంజనీరింగ్ అండ్ లోకోమోటివ్ కంపెనీ అన్న పొడుగు పేరులోని ఇంగ్లీషు మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన మాట అది. 2003లో ఆ కంపెనీ టాటా మోటార్స్ అని పేరు మార్చుకుంది. అంటే ఈ పత్రిక చదువుతున్న మీలో ఎవరూ అప్పటికి పుట్టలేదు. అయినా ఆటో ఎక్కి టాటా మోటార్స్ కాలనీ అనండి, డ్రైవరు వెనక్కి తిరిగి "టెల్కోనా?" అని అడుగుతాడు.

పేరులో లోకోమోటివ్ ఎందుకుందంటే, 1945లో మొదలైన ఆ కంపెనీ పని లారీలు చేయడం కాదు, ఆవిరి రైలింజన్లు చేయడం. అంతకుముందు 1920ల్లోనే పెనిన్సులర్ లోకోమోటివ్ అనే ఇంకో కంపెనీ అక్కడ ఇంజన్లు చేయాలని వచ్చి, నిలవలేక పోయింది. ఆ షెడ్లను ప్రభుత్వం తీసుకుని రైల్వే వర్క్‌షాపుగా నడిపింది. రెండో ప్రపంచయుద్ధంలో అక్కడ ఒక వింత బండి తయారైంది. కెనడా నుంచి వచ్చిన ఫోర్డు ఛాసిస్ మీద ఇక్కడి టాటా ఉక్కు పలకలు బిగించి, సైనికులు ఎక్కే కవచ వాహనాలు చేశారు. సైన్యంలో వాటి ముద్దుపేరు టాటానగర్! ఉత్తర ఆఫ్రికా ఎడారిలో పోరాడిన సిపాయికి టాటానగర్ అంటే ఊరు కాదు, తూటా తగలకుండా కాపాడే బండి.

1954లో జర్మనీ కంపెనీ డైమ్లర్ బెంజ్‌తో కలిసి టెల్కో లారీలు మొదలుపెట్టింది. అప్పటి టాటా లారీల ముందు మెర్సిడెస్ వాళ్ల మూడు కొమ్మల నక్షత్రం ఉండేది. ఆ ఒప్పందం 1969లో ముగిసింది, నక్షత్రం పోయింది. 1970 నాటికి రైలింజన్ల పనీ ఆగిపోయింది. అయినా లోకోమోటివ్ అన్న మాట మరో ముప్ఫై ఏళ్లకు పైగా కంపెనీ పేరులో ఉండిపోయింది. కాలనీ పేరులో ఇప్పటికీ ఉంది.

గోల్‌మురి పక్కనున్న టిన్‌ప్లేట్ సంగతి మన వంటింటి దాకా వస్తుంది. 1920లో ఆ కంపెనీ పెట్టినప్పుడు పెద్ద వాటా బర్మా ఆయిల్ కంపెనీది. నూనె కంపెనీకి రేకుతో పనేమిటి? కిరసనాయిలు పోసి అమ్మడానికి డబ్బాలు కావాలి, డబ్బాలకు తగరపు పూత వేసిన పల్చటి రేకు కావాలి. ఊళ్లో అమ్మమ్మలు బియ్యం పోసుకున్న, తాతలు నీళ్లు తోడుకున్న పాత కిరసనాయిలు డబ్బాలు ఆ కాలపువే. 2024 జనవరిలో ఆ కంపెనీ టాటా స్టీల్‌లో కలిసిపోయింది. పేట మాత్రం టిన్‌ప్లేటే. ఆగ్రికో కూడా అంతే. అది పారలు, గునపాలు, కొడవళ్లు చేసే కంపెనీ పేరు. సెలవులకు ఊరెళ్లినప్పుడు దొడ్లో ఉన్న పార మీద టాటా ముద్ర ఉందేమో చూడండి.

బర్మామైన్స్‌లో బర్మా లేదు, గని కూడా లేదు. బర్మాలోని గనుల నుంచి జింకు ఖనిజం తెచ్చి ఇక్కడ కరిగించాలని ఒక కంపెనీ వేసిన పథకానికి గుర్తు ఆ పేరు. విశాఖలోనూ బర్మా క్యాంప్ అని ఒక పేట ఉంది. అయితే అది బర్మా నుంచి తిరిగివచ్చిన మన మనుషుల పేట. ఇక్కడిది రాయి పేరు, అక్కడిది మనుషుల కష్టం పేరు.

కేబుల్ టౌన్ గురించి రాయడం అంత సరదాగా ఉండదు. ఇండియన్ కేబుల్ కంపెనీ కట్టిన కాలనీ అది. కరెంటు తీగలు చేసే ఆ ఫ్యాక్టరీ 2000లో మూతపడింది. మన నాన్నలకు బదిలీ అయితే క్వార్టరు మారుతుంది, జీతం ఆగదు. అక్కడివాళ్లకు బదిలీ కాలేదు, జీతమే ఆగిపోయింది. ఆ కాలనీలోనే ఉంటూ బాకీల కోసం కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లున్నారు. అడ్రసులో రోజూ రాసేది మాత్రం ఆ మూతపడ్డ కంపెనీ పేరే. హైదరాబాదులో ఉన్న మీ చుట్టాలకు ఆల్విన్ కాలనీ తెలిసే ఉంటుంది. ఫ్రిజ్‌లు, గడియారాలు, బస్సు బాడీలు చేసిన ఆల్విన్ కంపెనీ ఇప్పుడు లేదు, బస్‌స్టాపు ఉంది.

మన తెలుగువాళ్లు కూడా ఇక్కడ ఒక పేరు పెట్టారు. బిష్టుపూర్‌లోని గుడి పేరు ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం. తెలుగు మాట్లాడేవాళ్లందర్నీ ఆంధ్రులు అనే కాలంలో పెట్టుకున్న పేరు అది. ఇప్పుడు మనకు రెండు రాష్ట్రాలు. నవమికి పానకం మాత్రం ఏ రాష్ట్రమని అడక్కుండా అందరికీ పోస్తారు.

చివరగా కొత్తవాళ్లకు ఒక హెచ్చరిక. నది అవతలున్న పేట పేరును బస్సు మీద ఇంగ్లీషులో చూసి మ్యాంగో అనకండి, క్లాసంతా నవ్వుతుంది. దాన్ని మాన్‌గో అనాలి. మామిడిపండుకూ దానికీ సంబంధం లేదు. మామిడిపండు పేరు కావాలంటే ఆ పేటకు వెళ్లే వంతెన మీద నిలబడి కిందికి చూడండి. అక్కడ పారేది సువర్ణరేఖ. వేసవి సెలవులకు మన ఉత్తరాంధ్రకు వెళ్తే, ఆ పేరుతో బుట్టలకు బుట్టలు దొరుకుతాయి.