భయపడే పిల్లలతో డిస్నీ వరల్డ్‌కు

సెలవులకు ఓర్లాండో వెళ్ళే మన కుటుంబాల్లో తరచూ కనిపించే దృశ్యం: గంటసేపు లైన్లో నిలబడ్డాక, తీరా ఎక్కే ముందు పిల్లవాడు ఏడుపు అందుకుంటాడు. "ఇంత డబ్బు పోసి వచ్చాం, ఎక్కు" అని గదమాయిస్తే భయం రెట్టింపవుతుంది. లోపల ఏముందో తెలియకపోవడమే సగం భయం. స్పేస్ మౌంటెన్ అంతా చీకట్లోనే నడుస్తుంది మరి! అలాంటివాటి వీడియోలు ఇంట్లోనే చూపించి, ఎక్కాలో వద్దో వాడినే చెప్పమనండి.

వద్దంటే రైడర్ స్విచ్ అడగండి. ఒకరు బిడ్డ దగ్గర ఉంటే మరొకరు ఎక్కి వస్తారు. తర్వాత రెండోవారు మళ్ళీ మొదటినుంచి లైన్లో నిలబడనక్కర్లేదు. ఎక్కేచోట మనసు మారినా ఉద్యోగికి చెబితే బయటికి దారి చూపిస్తారు. డాస్ పాస్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, 2024 నుంచి అది ప్రధానంగా ఆటిజం వంటి ఎదుగుదల సమస్యలున్నవారికే. రాత్రి బాణసంచాకు చెవులు మూసే హెడ్‌ఫోన్లు మరువకండి.