మిర్చి మొక్క వాడిపోతోందా? మందు పోసే ముందు ఒక్కసారి వేరు చూడండి

మహబూబాబాద్: నీళ్లు పెట్టారు, యూరియా వేశారు. అయినా చేనులో అక్కడక్కడా మిర్చి మొక్కలు గిడసబారి, ఆకులు పసుపెక్కి, మధ్యాహ్నం ఎండకు తలలు వాల్చేస్తున్నాయి. ఎండు తెగులు అనుకుని దుకాణంలో ఇచ్చిన మందు పోస్తారు. తగ్గదు. ఇంకో మందు. 2021లో నల్ల తామర పురుగు దెబ్బకొట్టాక మిర్చి రైతు కళ్లన్నీ ఆకు, పూత మీదే. వేరు వైపు చూసేది తక్కువ.

మొక్కను లాగేయకుండా పారతో మట్టితో సహా తీసి, నీళ్లలో మెల్లగా కడగండి. వేళ్ల మీద పూసల్లా బుడిపెలు కనిపిస్తే అది నెమటోడ్ పనే. నులిపురుగు అని కూడా అంటారు. పెసర, వేరుశనగ వేళ్లకూ బుడిపెలు ఉంటాయి కదా అంటారా? అవి నత్రజని ఇచ్చేవి, గోటితో గీరితే ఊడొస్తాయి. మిర్చికి అలాంటివి రావు. ఇక్కడ వేరే ఉబ్బిపోతుంది, ఊడదు.

పిల్ల పురుగు అర మిల్లీమీటర్ పొడవు కూడా ఉండదు. వేరులోకి దూరి అక్కడే రసం పీలుస్తుంది. ఒక్కో ఆడ పురుగు వందల గుడ్లు పెడుతుంది. వెచ్చటి నేలలో సుమారు నెలకో తరం. మిర్చి చేనులో ఉండేది నెలల తరబడి, లెక్క మీరే వేసుకోండి. ఇసుక పాలు ఎక్కువున్న చెలకల్లో వీటికి మరీ సులువు.

ఏటా అదే చేనులో అదే పంట వేస్తే ఏమవుతుందో సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బలు చూపించాయి. నెదర్లాండ్స్ దిబ్బల మీద మర్రమ్ అనే గడ్డి పెరుగుతుంది. గాలికి కొత్త ఇసుక వచ్చి పడినన్నాళ్లూ ఏపుగా ఉంటుంది. ఇసుక రావడం ఆగితే నీరసించిపోతుంది. కారణం మట్టిలోనే ఉందని వాన్ డెర్ పుట్టెన్ బృందం 1993లో నేచర్ పత్రికలో రాసింది. గడ్డి వేళ్ల దగ్గర దాన్ని తినే నెమటోడ్లు, శిలీంధ్రాలు పోగవుతాయి. కొత్త ఇసుకలో అవి ఉండవు కాబట్టి వేళ్లు అందులోకి పాకి తప్పించుకుంటాయి. తప్పించుకునే దారి లేనప్పుడు, ఆ పురుగును తట్టుకునే వేరే మొక్కలు ఆ చోటు తీసుకుంటాయి. అంటే దిబ్బ తనంతట తనే పంట మార్చుకుంటుంది!

మన చెలకలో పురుగు జాతి వేరు, సూత్రం మాత్రం అదే. తేడా ఏంటంటే, ఇక్కడ కొత్త ఇసుక రాదు. పంట మార్చాల్సింది రైతే. అయితే మిర్చి తీసేసి టమాటా, వంకాయ, బెండ వేస్తే మార్చినట్టు కాదు, పురుగుకు అవీ ఇష్టమే. నీళ్లుంటే ఒక కారు వరి వేయొచ్చు, మడిలో నీరు నిలిస్తే వీటి సంఖ్య తగ్గుతుంది. బంతి వేళ్లలోని రసాయనం వీటికి విషం. జనుము వేసి కలియదున్నినా మేలే. ఎండాకాలం లోతు దుక్కి, ఆఖరి దుక్కిలో వేపపిండి మామూలే.

అసలు జాగ్రత్త నారుమడి దగ్గర. నారుతోనే పురుగు చేనుకు వస్తుంది. ఏప్రిల్, మేలో మడిని తడిపి, పారదర్శక పాలిథిన్ షీటు కప్పి 4 నుంచి 6 వారాలు ఉంచితే ఆ వేడికి చాలావరకు చస్తాయి.

అనుమానం ఉంటే వేళ్లు, వాటి చుట్టూ మట్టి కవర్లో కట్టి మల్యాల కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించండి. మట్టిని మాత్రం ఎండబెట్టొద్దు. ఎండితే పురుగులు చచ్చిపోయి పరీక్షలో దొరకవు.