నోరు కట్టుకున్నా ఊరుకోని ఆకలి

1997లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జి వైద్యులు దగ్గరి బంధువులైన ఇద్దరు పిల్లల గురించి ‘నేచర్’ పత్రికలో రాశారు. పాకిస్థాన్ మూలాలున్న కుటుంబం. పాపకు ఎనిమిదేళ్లు, బరువు 86 కిలోలు. బాబుకు రెండేళ్లు, 29 కిలోలు. పుట్టినప్పుడు ఇద్దరూ మామూలు బరువే. నెలల పసికందులుగా ఉన్నప్పుడే మొదలైన ఆకలి ఇక ఆగలేదు. ఎంత పెట్టినా ఇంకా కావాలనే ఏడుపు. ఆ బరువుకి పాప కాళ్లు వంకరపోతే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఇలాంటి పిల్లల్ని చూస్తే చుట్టుపక్కలవాళ్లు ముందు అనే మాట మనకు తెలిసిందే: ‘ఆ తల్లికి పెంచడం చేతకాలేదు’.

రక్తపరీక్ష వేరే సంగతి చెప్పింది. వాళ్ల ఒంట్లో లెప్టిన్ అనే హార్మోన్ దాదాపు లేనే లేదు.

లెప్టిన్ కథ ఎలుకలతో మొదలైంది. అమెరికాలోని బార్ హార్బర్‌లో ఉన్న జాక్సన్ లేబొరేటరీలో 1949లో ఒక రకం ఎలుకలు కనిపించాయి. తింటూనే ఉంటాయి, బంతుల్లా ఊరిపోతాయి. 1960లలో ఇలాంటిదే మరో జాతి బయటపడింది. డగ్లస్ కోల్మన్ అనే శాస్త్రవేత్త వాటిని రెండేసి చొప్పున పక్కపక్కన కుట్టి, ఒకదాని రక్తం మరొకదానిలోకి పారేలా చేశాడు. మొదటి జాతి ఎలుకకి మామూలు ఎలుక రక్తం అందగానే తిండి తగ్గించింది, చిక్కింది. రెండో జాతి ఎలుకని మామూలు ఎలుకతో కలిపినప్పుడు మాత్రం, పాపం, ఆ మామూలు ఎలుక తిండి మానేసి ప్రాణం విడిచింది. కోల్మన్‌కి విషయం అర్థమైంది. రక్తంలో ‘ఇక చాలు’ అని చెప్పే పదార్థం ఏదో ఉంది. మొదటి జాతికి అది తయారు కాదు. రెండో జాతికి పుష్కలంగా తయారవుతుంది గానీ, దాని మాట వినే శక్తి లేదు. నాకు తెలిసిన ప్రయోగాల్లో ఇంత క్రూరమైనవీ, ఇంత తేటగా జవాబు చెప్పినవీ తక్కువే.

ఆ పదార్థం ఏమిటో తేలడానికి 1994 దాకా ఆగాల్సి వచ్చింది. న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్మన్ బృందం దాని జన్యువును పట్టుకుంది. తయారుచేసేది కొవ్వు కణాలే! కొవ్వంటే ఊరికే పేరుకున్న నిల్వ అనుకున్న రోజులవి. ఆ నిల్వ ఎంతుందో కొవ్వే మెదడుకు రోజూ చెబుతోందని అప్పుడు తెలిసింది.

కేంబ్రిడ్జిలో సదాఫ్ ఫారూఖీ, స్టీఫెన్ ఒరాహిలీ ఇలాంటి పిల్లలకు లెప్టిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. కొద్ది రోజుల్లోనే తిండి మీద యావ తగ్గింది. మూడేళ్ల వయసులో 42 కిలోలున్న ఒక బాబు ఏడేళ్లకి 32 కిలోలకు దిగాడు. ఆ బాబుకి ఎవరూ క్రమశిక్షణ నేర్పలేదు. లేని హార్మోన్ ఇచ్చారంతే.

మామూలు మనిషి ఒక పూట భోజనం చూద్దాం. రోజూ తినే వేళ దగ్గర పడేసరికి జీర్ణాశయం నుంచి గ్రెలిన్ పెరుగుతుంది. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టిన హార్మోన్ ఇది. పప్పన్నంలో నెయ్యి వేసుకుని కలిపి నాలుగు ముద్దలు తిన్నారనుకోండి. పొట్ట సాగిన సంగతిని వేగస్ నాడి మెదడుకు చేరవేస్తుంది. నెయ్యిలోని కొవ్వు, పప్పులోని మాంసకృత్తులు చిన్నపేగు మొదటి భాగాన్ని తాకగానే అక్కడి కణాలు కొలిసిస్టోకైనిన్ అనే హార్మోన్‌ని వదులుతాయి. ఇది పొట్ట ఖాళీ అయ్యే వేగం తగ్గించి, ఈ పూటకి చాలనిపిస్తుంది. మిగతాది పేగు కింది భాగానికి చేరేకొద్దీ జీఎల్‌పీ-1, పీవైవై అనే హార్మోన్లు ఆ పని అందుకుంటాయి. గబగబా తినేవాళ్లు కబురు అందేలోపే మరో రెండు గరిటెలు వడ్డించుకుంటారు. పొట్ట పగిలేలా తిన్నాక కూడా విస్తట్లో బొబ్బట్టు పడితే చెయ్యి ముందుకే పోతుంది. అది రుచికీ సంతోషానికీ సంబంధించిన వేరే నాడీవ్యవస్థ పని.

ఈ కబుర్లు చేరే ముఖ్యమైన చోటు మెదడులోని హైపోథలామస్. అక్కడ తినమనే కణాలు కొన్ని, ఆపమనే కణాలు కొన్ని. తినమనే కణాలను కాంతితో ఉత్తేజపరిస్తే, కడుపు నిండిన ఎలుకలు కూడా నిమిషాల్లో తిండి మీద పడ్డాయి.

మరి స్థూలకాయులందరికీ లెప్టిన్ ఇస్తే సరిపోదా? ఇచ్చి చూశారు, పెద్దగా ఫలితం రాలేదు. చాలామందిలో అది ఇప్పటికే ఎక్కువగా ఉంది, మెదడు పట్టించుకోవడం లేదు. తగ్గితే మాత్రం వెంటనే పట్టించుకుంటుంది. ఆస్ట్రేలియాలో చేసి 2011లో ప్రచురించిన అధ్యయనం చూడండి. పది వారాల కఠిన ఆహార నియమంతో సగటున 13 కిలోలకు పైగా తగ్గినవాళ్లను ఏడాది తర్వాత పరీక్షిస్తే, గ్రెలిన్ ఇంకా ఎక్కువగానే ఉంది, లెప్టిన్ తక్కువగానే ఉంది, ఆకలీ ఎక్కువే. పోయిన కొవ్వును తిరిగి తెచ్చుకోమని ఒళ్లు ఏడాది పాటు పోరుతూనే ఉందన్నమాట. ‘నోరు కట్టుకోలేవా’ అని పెళ్లిలో నలుగురి ముందూ అనేవాళ్లు ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే బాగుండునని నాకు గట్టిగా అనిపిస్తుంది.

సెమాగ్లూటైడ్ లాంటి మందులు చేస్తున్నది ఈ పోరు తగ్గించడమే. ఒంట్లో పుట్టే జీఎల్‌పీ-1 రెండు మూడు నిమిషాల్లో విరిగిపోతుంది, దాన్ని అనుకరించే ఈ మందు వారం పాటు నిలుస్తుంది. ఈ దారి తెరవడంలో గీలా మాన్‌స్టర్ అనే అమెరికా ఎడారి బల్లికీ వాటా ఉంది. దాని విషంలో దొరికిన పదార్థమే 2005లో ఈ రకం మొదటి మధుమేహం మందైంది. సెమాగ్లూటైడ్ ప్రధాన పరీక్షలో 68 వారాల్లో సగటున 15 శాతం దాకా బరువు తగ్గింది. బుర్రలో ఎప్పుడూ మెదిలే తిండి ధ్యాస సద్దుమణిగిందని వాడినవాళ్లు చాలామంది చెబుతారు. వికారం, వాంతులు, మలబద్ధకం ఉంటాయి. కొవ్వుతో పాటు కొంత కండా పోతుంది. కాబట్టి వైద్యుల పర్యవేక్షణ లేకుండా, ఎవరో చెప్పారని మందులషాపులో కొని పొడుచుకోవడం ప్రమాదం.

అదే పరీక్షలో మందు ఆపిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. ‘ఎన్నాళ్లు వాడాలండీ’ అని అడిగితే చాలామందికి బీపీ మాత్రల లాగే ఏళ్ల తరబడి అనే వైద్యులు చెబుతున్నారు. మొదటి ఇంజెక్షన్‌కి ముందే, నెలనెలా అయ్యే ఖర్చుతో సహా, ఈ మాట రోగికి చెప్పి తీరాలి.