బగ్‌హౌస్ చెస్: మీరిచ్చిన గుర్రం పక్క బోర్డులో దిగుతుంది

ఈరోజు కూడా చెస్సే, కానీ నలుగురు ఆటగాళ్లు, రెండు బోర్డులు, రెండు క్లాకులు. పేరు బగ్‌హౌస్.

ముందు నేను ఓడిపోయిన ఆట చెప్తా. హాస్టల్లో నావి తెల్ల పావులు, పక్క బోర్డులో నా పార్ట్‌నర్‌వి నల్లవి. నేను ఎదుటివాడి గుర్రాన్ని కొట్టాను, వాడు నా గుర్రాన్ని కొట్టాడు. గుర్రానికి గుర్రం, లెక్క సరిపోయింది అనుకున్నా. అంతలో పక్కనుంచి "మేట్!" అని కేక.

ఏం జరిగిందంటే, ఈ ఆటలో కొట్టిన పావు పెట్టెలోకి పోదు, కొట్టినవాడి పార్ట్‌నర్ చేతికి వెళ్తుంది. అతను తన వంతులో పావు జరిపే బదులు, చేతిలో ఉన్నదాన్ని ఏ ఖాళీ గడిలోనైనా దింపొచ్చు. దీన్నే డ్రాప్ అంటారు. మావాడి రాజు హెచ్8 మూలలో ఉన్నాడు, చుట్టూ సొంత ఏనుగు, బంట్లు. నేను పోగొట్టుకున్న తెల్ల గుర్రం నేరుగా ఎఫ్7లో దిగింది. రాజు కదలడానికి చోటే లేదు. నేను కొట్టిన నల్ల గుర్రం మావాడి చేతిలోనే ఉంది, కానీ వాడే టైమ్ రాలేదు. ఒక బోర్డులో మేట్ పడితే టీమ్ మొత్తం ఓడినట్టే. వాడు రెండ్రోజులు నాతో మాట్లాడలేదు!

దూరం నుంచి ఏనుగో మంత్రో చెక్ ఇస్తే మధ్యలో ఒక పావు దింపి ఆపొచ్చు. గుర్రం చెక్‌కి అడ్డం పెట్టలేం. అందుకే ఇక్కడ గుర్రం చాలా డేంజర్.

బంటుని మొదటి వరుసలో, ఎనిమిదో వరుసలో దింపకూడదు. బంటు మంత్రి అయ్యాక దాన్ని కొడితే, పార్ట్‌నర్‌కి దక్కేది మళ్లీ బంటే. డ్రాప్‌తో నేరుగా మేట్ చేయొచ్చా లేదా అనేది కొన్నిచోట్ల మారుతుంది, ముందే మాట్లాడుకోండి.

పార్ట్‌నర్‌తో మాట్లాడటం తప్పు కాదు. "ఒక్క బంటు ఇవ్వరా" అని అరవచ్చు. అది వచ్చేదాకా ఎత్తు వేయకుండా కూర్చోవచ్చు కూడా, కానీ మీ క్లాక్ తిరుగుతూనే ఉంటుంది.

నలుగురు దొరకకపోతే లీచెస్‌లో క్రేజీహౌస్ ఆడండి. అందులో కొట్టిన పావు రంగు మారి మీ చేతికే వస్తుంది. తిట్టడానికి పార్ట్‌నర్ ఉండడు, అదొక్కటే లోటు.