మంచుదారికి చక్రపు గొలుసులు

మంచు అనినచో మన మండలములలో ధనుర్మాసపు వేకువను పొలములపై క్రమ్ముకొను పొగమంచు మాత్రమే మనకు తెలియును. మోకాలిలోతున నేలపై పడి, బండ్లు త్రొక్కగా త్రొక్కగా నున్నని రాతిపలకవలె గట్టిపడు మంచు వేరు. దానిని గూర్చి తెలుగు పల్లెలలోని పెద్దలకు చెప్పనేల అని మీరడుగవచ్చును. మన పిల్లలు పెక్కుమంది నేడు కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుప్రక్కల, ఉద్యోగములలో నున్నారు. శీతకాలపు సెలవులలో వారు ఆలుబిడ్డలతోను, చూడవచ్చిన తల్లిదండ్రులతోను సియెర్రా నెవాడా కొండలలోని టాహో సరస్సునకు కారులో పోవుదురు. ఆ కారు వెనుక పీటపై మనుమని ఒడిలో నుంచుకొని కూర్చుండువారు మీరే కావచ్చును.

ఆ దారి డానర్ కనుమ వద్ద 7,000 అడుగులకు పైగా ఎక్కును. 1846–47 శీతకాలమున డానర్ కుటుంబము పేర ప్రసిద్ధమైన వలసబిడారము ఆ కొండలలో మంచుచే నిర్బంధింపబడగా, వారిలో సుమారు సగముమంది మరణించిరి. ఇప్పుడు విశాలమైన రాజమార్గమును, మంచును త్రోసివేయు యంత్రములును ఉన్నవి. అయినను మంచు కురియునపుడు గొలుసులు లేని కారును అధికారులు పలుమారులు వెనుకకు పంపుదురు.

గొలుసు చేయు పని రైతునకు వెంటనే బోధపడును. దమ్ము చేయునపుడు ట్రాక్టరునకు ఇనుపచక్రములు తగిలింతుము గదా! రబ్బరు జారుచోట ఇనుము లోనికి దిగి పట్టుకొనును. అదే న్యాయము. న్యూయార్కు రాష్ట్రమున కానస్టోటా గ్రామవాసియగు హారీ వీడ్ 1904లో ఈ గొలుసునకు పేటెంటు హక్కు పొందెను. బురదలో జారకుండ కొందరు చక్రములకు త్రాళ్లు చుట్టుకొనుట చూచి అతనికి ఈ యూహ కలిగెనని చెప్పుదురు. దమ్ముచక్రములతో తారురోడ్డెక్కినచో రోడ్డు పాడగునట్లే, మంచులేని దారిపై గొలుసు నడపినచో గొలుసు తెగును, రోడ్డు చెడును. తెగిన కొస కారును కొట్టి బ్రేకుగొట్టమునకే చేటు తేవచ్చును.

ఇక ఎంపిక. అంగడివాడు చూపినదెల్ల మన కారునకు సరిపడదు. టైరు ప్రక్కభాగమున 205/55 ఆర్ 16 అను రీతిని అంకెలుండును. మొదటిది మిల్లీమీటర్లలో వెడల్పు. రెండవది ఆ వెడల్పులో నూటికి ఎన్నవ పాలు టైరు ప్రక్కగోడ ఎత్తో తెలుపును. కడపటిది లోని చట్రము వ్యాసము, అంగుళములలో. ఈ మూడును గొలుసుపెట్టెపై నున్న పట్టికలో కనబడవలెను. ఒక్కటి తప్పినను ఆ గొలుసు మనది కాదు.

అంతకంటె ముఖ్యమని నేను తలచునది చక్రమునకును లోపలి భాగములకును నడుమనుండు సందు. నేటి కుటుంబపు కారులలో ఈ సందు మిక్కిలి ఇరుకు. లావు గొలుసు తగిలించినచో అది లోపలి భాగములను ఒరసికొనును. ఇట్టి కారులకై ‘ఎస్ తరగతి’ యని గుర్తించిన సన్నని గొలుసులును, ఉక్కుతీగ గొలుసులును కలవు. కొన్ని కొలతల టైర్లకు గొలుసు అసలే కూడదని కారుతో నిచ్చు పుస్తకముననే వ్రాసియుందురు. కొనుటకు ముందు ఆ పుటను చదువవలెను. ఈ విషయమున అంగడివాని మాటకంటె ఆ పుస్తకమే ప్రమాణము.

గొలుసు తగిలింపవలసినది ఇంజను త్రిప్పు చక్రములకు. చిన్న కారులలో పెక్కింటికి అవి ముందువి. నాలుగు చక్రములను ఇంజను త్రిప్పు బండిలో దేనికి తగిలింపవలెనో పుస్తకమే చెప్పును. అట్టి బండి యున్నవారు తమకు గొలుసుతో పనిలేదని ధీమాగా నుందురు. నాలుగు చక్రములు తిరుగుట బండి కదలుటకు తోడ్పడునుగాని, మంచుపై ఆగుటకు అది చాలదు. కాలిఫోర్నియా నిబంధనలలో ఆర్-1, ఆర్-2, ఆర్-3 అని మూడు మెట్లున్నవి. రెండవ మెట్టున నాలుగు చక్రములకును మంచుటైర్లున్న అట్టి బండికి మినహాయింపు కలదు. అయినను గొలుసులు బండిలో నుండితీరవలెను. మూడవ మెట్టున ఎవ్వరికిని మినహాయింపు లేదు.

కొన్న గొలుసును ఇంటిముంగిట, పగటివేళ, రెండుమూడుమారులు తగిలించి తీసి చూడవలెను. కొండపై చీకటిలో, వ్రేళ్లు కొంకర్లుపోవు చలిలో నేర్చుకొన వీలుగాదు. దారిప్రక్క కూలి తీసికొని గొలుసు తగిలించు వారుందురు గాని, గొలుసులు అమ్ముటకు వారికి అనుమతి లేదు. చేతితొడుగులు, దీపము, మోకాళ్ల క్రింద పరచుటకొక గోనెపట్టా వెంట నుంచుకొనుట మేలు. తగిలించి కొంతదూరము నడపిన పిమ్మట ఆగి మరల బిగింపవలెను. మొదట ఎంత బిగించినను అది వదులగును. ఆపైన వేగము గంటకు 30 మైళ్లు, అనగా 48 కిలోమీటర్లు, మించరాదు. గొలుసు తయారుచేసినవారు తక్కువ చెప్పినచో అదే హద్దు.

మీ పిల్లలు టాహోకు పోవుచున్నామని టెలిఫోనులో చెప్పినపుడు, గొలుసులు కొన్నారా అని మాత్రమే అడిగి ఊరకుండక, తగిలించి చూచితిరా అని కూడ అడుగుడు. తిరిగివచ్చిన పిమ్మట వానిని మంచినీట కడిగి ఆరబెట్టి దాచవలెను. మంచు కరగుటకై రోడ్లపై చల్లు ఉప్పు ఇనుమును తినివేయును.