ఫ్యాను చప్పుడు ఎవరికి వినిపిస్తుంది?

ఈ వాక్యం చదువుతుండగా మీ చొక్కా కాలరు మెడకు తగులుతున్న సంగతి మీకు తెలుస్తోందా? నేను అడిగాక తెలిసింది కదూ! అంతకు ముందూ అది తగులుతూనే ఉంది. చర్మంలోని నాడులు వార్త పంపుతూనే ఉన్నాయి. మెదడే దాన్ని పక్కన పెట్టింది.

అలా పక్కన పెట్టడం చేతకాకపోతే?

పుత్తూరులో నా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడు పాఠం మధ్యలో కిటికీలోంచి చూసేవాడు, కాళ్ళు ఊపేవాడు. ఎన్నోసార్లు బెంచీ ఎక్కించాను. ఇప్పుడతనికి ముప్ఫై అయిదేళ్ళు. మొన్న కనిపించి, తనకు ఏ.డి.హెచ్.డి. ఉందని డాక్టరు తేల్చారన్నాడు. "మీ పాఠం, ఫ్యాను టకటక, బయట మైకు సద్దు, అన్నీ ఒకేసారి మీద పడేవి సార్. దేన్ని వినాల్నో తెలిసేది కాదు" అన్నాడు.

ఏ.డి.హెచ్.డి. అంటే అవధాన లోపం, అతి చంచలత్వం. అవధానమంటే ధ్యాస నిలపడమే. అష్టావధానం చూశారా? ఒకరు గంట కొడుతుంటారు, మరొకరు అడ్డదిడ్డమైన ప్రశ్నలు వేస్తుంటారు. అవధాని గంటలు లెక్కపెట్టుకుంటూనే పద్యం సాగిస్తాడు. మనకు అంత శక్తి లేకపోయినా, సంతలో పక్కవాడి మాట ఒక్కటే ఏరుకుని వినగలం.

ఇది ఎలా సాధ్యం? మెదడు నడుమ థలామస్ అనే భాగం ఉంది. రేణిగుంట జంక్షను లాంటిది. వాసన తప్ప తక్కిన జ్ఞానేంద్రియాల వార్తలన్నీ ముఖ్యంగా దాని మీదుగానే పోతాయి. ఏ బండిని మెయిన్ లైన్లో వదలాలి, దేన్ని లూప్ లైన్లో నిలపాలి అని చూసే స్టేషను మాస్టరు నుదుటి వెనక ఉన్న మెదడు భాగం. అక్కడ డోపమిన్, నార్‌ఎడ్రినలిన్ అనే రసాయనాలు పనిచేసే తీరులో తేడా వస్తే బండ్లన్నీ మెయిన్ లైన్లోకే వస్తాయి. అసలు కథ ఇంతకంటే చిక్కైనదే లెండి.

ఇది కొత్త జబ్బేమీ కాదు. స్కాట్లండు వైద్యుడు అలెగ్జాండర్ క్రైటన్ 1798లోనే ఇలాంటివారిని వర్ణించాడు. గదిలో ఎవరైనా నడిచినా, బల్ల జరిపినా, తలుపు ధడాలున మూసినా, వెలుతురు కాస్త హెచ్చుతగ్గులైనా వారి ధ్యాస చెదిరేదట! ఏ.డి.హెచ్.డి. అన్న పేరు 1987లో స్థిరపడింది. పెద్దయితే పోతుందని చాలాకాలం అనుకున్నారు. చాలామందిలో పోదు. పెద్దవారిలో నూటికి ఇద్దరు ముగ్గురికి ఉంటుందని అంచనా.

నా శిష్యుడు మరమగ్గాల షెడ్డులో పనిచేస్తాడు. అంత హోరులో ఎలా అని అడిగాను. ఎడతెగని హోరు బాధించదట. కరెంటు పోయి మగ్గాలు ఆగినప్పుడు ఎవరి సెల్‌ఫోనో మోగితే ప్రాణం విసుగెత్తుతుందట. చొక్కా వెనక లేబులు కత్తిరించనిదే తొడగడు. పనిలో పడితే మాత్రం మధ్యాహ్నం దాటినా ఆకలి తెలియదు. అందరిలోనూ ఇలాగే ఉండదు సుమా! చప్పుడు గిట్టనంత మాత్రాన ఏ.డి.హెచ్.డి. అనీ కాదు. చిన్నప్పటి నుంచీ లక్షణాలు ఉన్నాయా అని విచారించి మానసిక వైద్యులే తేల్చాలి. మందులున్నాయి, అలవాట్లు దిద్దుకునే శిక్షణ ఉంది.

చెయ్యి విరిగితే మన పుత్తూరు కట్టు చూసి బస్సులో ఎవరైనా లేచి చోటిస్తారు. దీనికి కట్టు లేదు. అతన్ని సోమరి అన్నారు, పొగరు అన్నారు. నేనూ అన్నాను.

ఈ ఏడాది తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఫ్యాను కింద కూర్చోలేనంది. ముందు వరసలోకి మార్చాను. ఫ్యానుకు నూనె కూడా వేయించాను.