కంప్యూటర్ డిగ్రీ చేతికొచ్చాక

మా ఉపకారవేతనాలతో బీటెక్ ఐటీ, బీసీఏ, బీఎస్సీ కంప్యూటర్స్ చదివిన పిల్లలను ‘తరువాత ఏమిటి?’ అని అడిగితే దాదాపు అందరూ చెప్పేది ఒకటే: ‘సాఫ్ట్‌వేర్’. ఆ ఒక్క మాటలో ఎన్ని రకాల పనులున్నాయో వివరించేవారు చాలా ఇళ్ళలో ఉండరు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ప్రోగ్రాములు రాయడం అందులో ఒక పని మాత్రమే. రాసినది సరిగ్గా నడుస్తోందో లేదో చూసే టెస్టింగ్, సమాచారాన్ని భద్రపరిచే డేటాబేస్ నిర్వహణ, ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో కంప్యూటర్లను కలిపి నడిపించే నెట్‌వర్కింగ్, వాటికి కాపలా కాసే సైబర్ సెక్యూరిటీ కూడా ఉద్యోగాలే. కోడింగ్ అంటే విసుగు పుట్టే విద్యార్థి నెట్‌వర్కింగ్‌లో చక్కగా రాణించవచ్చు. సీసీఎన్ఏ సర్టిఫికెట్ దానికి తొలి మెట్టు. అమీర్‌పేట వెళ్ళి ఒకేసారి మూడు కోర్సుల్లో చేరేకన్నా, ఒకటి లోతుగా నేర్చుకుని సొంతంగా చిన్న ప్రాజెక్టు చేయడం మేలు. ఇంటర్వ్యూలో మాట్లాడడానికి అదే పనికొస్తుంది.

బ్యాంకుల్లో ఐటీ ఆఫీసర్ పోస్టులకు ఐబీపీఎస్ పరీక్ష పెడుతుంది. ఇక్కడ చాలామంది గమనించని మెలిక ఒకటుంది. దానికి నాలుగేళ్ళ ఇంజనీరింగ్ డిగ్రీ గానీ, కంప్యూటర్ సంబంధమైన పీజీ గానీ కావాలి. మూడేళ్ళ బీఎస్సీ, బీసీఏ మాత్రమే ఉంటే చాలదు (డోయెక్ ‘బి’ లెవెల్ పాసైనవారి సంగతి వేరు). అలాంటివారు ఐసెట్ రాసి ఎంసీఏ చేస్తే అర్హత వస్తుంది. ఒకప్పుడు మూడేళ్ళున్న ఎంసీఏ ఇప్పుడు రెండేళ్ళే. క్లర్కు, పీఓ పరీక్షలకైతే ఏ డిగ్రీ అయినా సరిపోతుంది.

బీటెక్ వారికి గేట్ ఉంది. స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. దానితో ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కళాశాలలో ఎంటెక్ చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండు వస్తుంది కనుక ఇంటిమీద భారం తగ్గుతుంది. 2024 నుంచి డేటా సైన్స్, కృత్రిమ మేధకు ప్రత్యేక పేపరు కూడా ఉంది.

ఇక తల్లిదండ్రులతో ఒక మాట. ‘రెండు మూడు లక్షలు కట్టండి, కంపెనీలో కూర్చోబెడతాం’ అనే మధ్యవర్తుల చేతిలో కూతురి పెళ్ళికి దాచిన బంగారం కుదువపెట్టి తెచ్చిన డబ్బు పోయకండి. ఆఫర్ లెటర్ వస్తే ఆ కంపెనీ సొంత వెబ్‌సైటులో ఉన్న చిరునామాకు రాసి నిజమో కాదో కనుక్కోండి. లేని అనుభవానికి దొంగ సర్టిఫికెట్ పెడితే, కంపెనీ విచారణలో అది బయటపడిన రోజున చేరిన ఉద్యోగమూ పోతుంది. ఆన్‌లైన్‌లో డబ్బు పంపి మోసపోయామని తెలిస్తే పరువు పోతుందని దాచకుండా వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి.